చిన్నోడి పేస్టు గురించి అమ్మకు

లుండ్, స్వీడన్
నవంబరు, ఆదివారం

అమ్మా,

నువ్వు, నాయన బాగున్నారని తలుస్తాను. మేం బాగున్నాం. ఇక్కడ నాలుగు కొట్టకముందే చీకటి పడుతోంది. ఆఫీసు గురించి చెప్పడానికేం లేదు. పని ఉంది, జీతం వస్తోంది. మీ అల్లుడికీ అంతే.

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు బ్రష్షు చూపించి "అమ్మమ్మా, ఈ పేస్టులో ఫ్లోరైడ్ ఉంది" అని గొప్పగా చెప్పినప్పటి నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదని తమ్ముడు చెప్పాడు. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగంలో ఏడుస్తావు, నేను గొంతు పెంచుతాను, వెనక నుంచి నాయన "ఇక పెట్టేయండి" అంటాడు. అందుకే రాస్తున్నా. తమ్ముణ్ణి నిదానంగా చదివి వినిపించమను. వాడు సగం మింగేస్తాడు.

ఆ పేరు వింటే మన ఇంట్లో ఎవరికి భయం ఉండదు చెప్పు? మన నల్లగొండ బోరు నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ వల్లే నాయన మెడ పక్కకి తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. పెద్దమ్మ కాళ్ళ సంగతి నేను రాయక్కర్లేదు. నాకు మొదట వచ్చిన సంబంధం వాళ్ళు నా పళ్ళ మీద మచ్చలు చూసి ఏమన్నారో నువ్వు ఇప్పటికీ మర్చిపోలేదని తెలుసు. నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో.

కానీ ఒక మాట. మన బోరులో ఉన్నదీ వీడి పేస్టులో ఉన్నదీ ఒకటే ఫ్లోరైడ్, అబద్ధం చెప్పను. తేడా అంతా ఎంత అన్నదాంట్లోనే ఉంది. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన బోరు నీళ్ళు పరీక్షకి ఇచ్చినప్పుడు నాలుగు దాటింది కదా. ఎండలో నాటుకు పోయినవాళ్ళు రోజుకి మూడు నాలుగు లీటర్లు తాగుతారు. అంటే రోజూ పన్నెండు, పదహారు మిల్లీగ్రాములు కడుపులోకి పోయాయి, ఏళ్ళ తరబడి. చిన్నోడి పేస్టులో గ్రాముకి ఒక మిల్లీగ్రాము ఉంటుంది. వాడి బ్రష్షు మీద నేను పెట్టేది బఠాణీ గింజంత, గ్రాములో పావు వంతు. రెండు పూటలా మొత్తం మింగేసినా అర మిల్లీగ్రాము. అది కూడా ఉమ్మేస్తాడు. పప్పులో చిటికెడు ఉప్పు వేస్తావు, గుప్పెడు వేస్తే తినగలమా? అంతే ఇది.

పైగా ఇక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, ప్రభుత్వం కూడా కలపదు. మా నల్లాకి నీళ్ళు ఉత్తరాన ఉన్న ఒక పెద్ద చెరువు నుంచి, నేల కింద రాతిలో 80 కిలోమీటర్లకు పైగా తవ్విన సొరంగంలో వస్తాయి. ఇది చెబితే నాయన సంతోషపడతాడు, మనకి కృష్ణ నీళ్ళు తేవడానికి ఎన్ని ధర్నాలు చేశారో ఆయనకే తెలుసు. నీళ్ళలో లేదు కాబట్టే పేస్టులో పెడతారు. అది పంటి పైన పొరని గట్టిపరుస్తుంది, తీపి తిన్నాక పుట్టే పులుపు తినేయకుండా కాపాడుతుంది.

నువ్వు భయపడేదాంట్లో నిజం లేదనట్లేదు. మచ్చలు పడేది పెద్ద పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో ఎక్కువ మింగితేనే. అంటే చిన్నోడి వయసులోనే. అందుకే ట్యూబు పై అరలో ఉంటుంది, వాడి చేతికి ఇవ్వను. స్ట్రాబెర్రీ రుచి పేస్టులు అస్సలు కొనను, అవి నాకమని పిలుస్తాయి. వాడి పళ్ళు చూసే డాక్టరమ్మ ఒకసారి నా పళ్ళు చూసి నేను ఎక్కడ పెరిగానని అడిగింది. నల్లగొండ అని చెప్పి అంతా వివరించాను. వీడు తాగేది ఈ నీళ్ళే కదా, పేస్టు మానవద్దు, లెక్క దాటనివ్వద్దు అంది. బిల్లు కూడా లేదు, పిల్లలకి ఇక్కడ పళ్ళ వైద్యానికి డబ్బు తీసుకోరు. వాళ్ళే ఉత్తరం రాసి రమ్మంటారు.

ఇంకోటి. "మీకు ఆ నీళ్ళు తాగించి మీ పళ్ళు నేనే పాడు చేశాను" అని మళ్ళీ అన్నావట. అమ్మా, ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఊరంతా అవే నీళ్ళు తాగింది. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి? మంచినీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజు నువ్వు బిందెలు పట్టుకుని ఎంతసేపు నిలబడేదానివో, ఆ నీళ్ళు మాకు పోసి నువ్వు బోరు నీళ్ళే తాగేదానివో నాకు తెలియదనుకున్నావా? తమ్ముడి పళ్ళు నాకంటే నయంగా ఉన్నాయంటే అది నీ వల్లే.

ఇప్పుడు నేను కోప్పడే సంగతి. మిషన్ భగీరథ నల్లా రాని రోజు బోరు నీళ్ళు మరిగించి వాడుతున్నావట. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. నా కొడుకు పేస్టు గురించి నిద్ర మానేసి, నాయనకి ఆ నీళ్ళతో అన్నం వండుతున్నావు! నల్లా వచ్చిన రోజే రెండు డ్రమ్ములు పట్టించు, మూతలు పెట్టించు. బట్టలకి, గేదెకి బోరు. తమ్ముడితో ఫిల్టర్ గురించి మాట్లాడాను, డబ్బు పంపుతున్నా. వద్దు అనకు.

చిన్నోడి బడి గురించి అడిగావు. బాగుంది. వాళ్ళ దగ్గర ఇంత పెద్ద పళ్ళున్న ఒక గుడ్డ మొసలి ఉంది. పిల్లలు ముందు దాని పళ్ళు తోముతారు, వెనక పళ్ళు మర్చిపోతే టీచర్ "అయ్యో, దానికి అన్నం అక్కడే ఇరుక్కుంది" అంటుంది. రాత్రి పళ్ళు తోముకోకపోతే చిన్న చిన్న భూతాలు వచ్చి పళ్ళలో ఇళ్ళు కట్టుకుంటాయని చెబుతారు. మనం పురుగులు పడతాయని భయపెట్టేవాళ్ళం, వీళ్ళు భూతాలంటారు. నాకు అంతగా నచ్చలేదు కానీ వాడికి భయం లేదు. ఆ భూతాలకి పేర్లు కూడా పెట్టాడు. ఒకదానికి మామ పేరు పెట్టాడని తమ్ముడికి చెప్పకు.

ఇంట్లో ముందు వాడు తోముకుంటాడు, తర్వాత నేను. నేల మీద కూర్చుని వాడి తల నా ఒళ్ళో పెట్టుకుంటే నోరంతా కనబడుతుంది. వెనక దంతాల మీద గుంటలు ఉంటాయి కదా, వాడి చెయ్యి అక్కడికి పోదు. పదేళ్ళ దాకా పెద్దవాళ్ళే తోమాలంటారు ఇక్కడ. ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే వెనకాల పెద్ద దంతాలు వస్తాయి, అవి పాల పళ్ళే అనుకుని వదిలేస్తారు చాలామంది. తమ్ముడికి అలాగే పాడయింది. తోమాక ఉమ్మేయడమే, పుక్కిలించడం లేదు. నువ్వు "ఛీ, నోరు కడగవా" అంటావని తెలుసు. నీళ్ళతో బాగా పుక్కిలిస్తే పేస్టు పని చేయకముందే పోతుంది. అది మింగడం కాదు, మిగిలేది పూతంతే.

శనివారం సంగతి. "వారానికి ఒక్కరోజే తీపి పెడతావా, అది ఏం తల్లి ప్రేమ" అన్నావు. అమ్మా, ఈ దేశంలో చాలామంది పిల్లలకి అంతే. శనివారం సాయంత్రం దుకాణంలో డబ్బాల ముందు నిలబడి, చిన్న గరిటెతో కాగితం సంచీలో వాళ్ళకి కావలసినవి వేసుకుంటారు, తూకం వేయిస్తారు. చిన్నోడు ఎంచుకోవడానికి తీసుకునే టైము నువ్వు చీర ఎంచుకోవడానికి కూడా తీసుకోవు. తింటాడు, నీళ్ళు తాగుతాడు, తోముకుంటాడు. మిగతా రోజుల్లో అడగడు కూడా, ఎందుకంటే శనివారం వస్తుందని తెలుసు.

ఈ అలవాటు ఎలా వచ్చిందో తెలిసినప్పటి నుంచి నాకు మనసు బాగోలేదు. మా ఊళ్ళోనే, వీపెహోల్మ్ అని, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళని ఉంచే ఆసుపత్రి ఉండేది. 1945లో అక్కడ ప్రభుత్వం తరఫున ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పళ్ళు ఎందుకు పుచ్చుతాయో తేల్చడానికి కొందరికి పళ్ళకి అంటుకుపోయేలా ప్రత్యేకంగా చేసిన టాఫీలు పెట్టారు, కొందరికి రోజుకి 24. వాళ్ళని ఎవరూ అడగలేదు, అడిగినా వద్దనగలిగే వాళ్ళు కాదు. చాలామందికి పళ్ళు పుచ్చిపోయాయి. తేలిందేమిటంటే, అన్నంతో పాటు తిన్న తీపి అంత చెడుపు చేయదు, మధ్య మధ్యలో నోట్లో వేసుకుని చప్పరించే జిగురు తీపే చేస్తుంది. 1950లలో దాన్ని బట్టే వారానికి ఒకసారి అన్న సలహా వచ్చింది. రోజూ బస్సులో ఆ పక్క నుంచే వెళ్తాను. మన ఊరి నీళ్ళ బాధ చూసి దేశానికి తెలిసింది, వాళ్ళ పళ్ళు చూసి వీళ్ళకి తెలిసింది. ఎవరి ఖర్చుతో ఎవరు నేర్చుకుంటారో.

సరే వదిలేయ్. పార్సిల్ అందింది. సకినాలు విరగకుండా వచ్చాయి, ఎలా కట్టావో తెలియదు కానీ మీ అల్లుడు ఒక్క రాత్రిలో సగం లేపేశాడు. పల్లీ పట్టీలు, నువ్వుల లడ్డూలు దాచి పెట్టాను. బెల్లం చక్కెర కాదు, బలం అంటావు. నోట్లో ఉండే క్రిములకి ఆ తేడా తెలియదమ్మా, పట్టీ అయితే దంతం గుంటలో అతుక్కుని గంటసేపు ఉంటుంది. పారేయలేదు, కంగారు పడకు! శనివారం మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఒక ముక్క ఇస్తాను. అమ్మమ్మ పంపిందని వాడు దుకాణం చాక్లెట్లు మానేసి అదే అడుగుతున్నాడు. నిజం. కిస్‌మిస్‌లు కూడా జిగురే, అవి పాయసంలోకి. మిగతా రోజుల్లో బడి నుంచి రాగానే క్యారెట్, కీరా, ఉడకబెట్టిన పల్లీలు, గట్టి రొట్టె మీద చీజ్, పాలు. దాహం వేస్తే నీళ్ళే, జ్యూస్ కాదు. ఏదైనా తిన్న ప్రతిసారీ అరగంట దాకా నోట్లో పులుపు ఉంటుంది, లాలాజలం దాన్ని సర్దుకోవాలి. గంటకోసారి చేతికి బిస్కెట్ ఇస్తే దానికి టైము ఎక్కడిది?

పండగ వస్తే మాత్రం పండగే. సంక్రాంతికి వారం చూడను.

మాల్మోలో మన తెలుగువాళ్ళ పాప గురించి చెప్పాను కదా, రెండేళ్ళది. రాత్రంతా తీపి పాల సీసా నోట్లో ఉండేది. ముందు నాలుగు పళ్ళూ నల్లగా అయిపోయి తీసేయాల్సి వచ్చింది. ఆ తల్లి ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడతాయి అనకండి. అవి నొప్పి పెడతాయి, పిల్ల అన్నం తినదు, కింద వచ్చే పళ్ళకి చోటు కూడా తప్పుతుంది.

ఇది ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. తమ్ముడి బిడ్డకి రెండు పళ్ళు వచ్చాయి కదా. మరదలికి నేను చెబితే ఆడబిడ్డ పెత్తనం అనుకుంటుంది, నువ్వు చెప్పు. పాలలో చక్కెర వద్దు. పాలు తాగించాక సీసా తీసేసి పడుకోబెట్టాలి. అద్దుకోవడానికి తేనె, బెల్లం వద్దు. రాత్రి ఒకసారి మెత్తటి బ్రష్షుతో, బియ్యం గింజంత పేస్టుతో తుడవాలి. మరదలు పెట్టే ఎర్ర పళ్ళపొడి, బొగ్గు ఆ లేత పళ్ళకి అస్సలు వద్దు, గరుకుగా గీరేస్తాయి. నాయన వేపపుల్ల నాయన ఇష్టం, దాని జోలికి నేను రాను. నువ్వు మమ్మల్ని వేపపుల్లతోనే పెంచావు, అందులో తప్పేం లేదు. తమ్ముడి ఆ వెనక దంతం తప్ప మాకు పుచ్చు పళ్ళు లేవు, మచ్చలే. అవి నీళ్ళవి.

జూన్‌లో మీరు వచ్చినప్పుడు చిన్నోడికి రాత్రి నువ్వే తోమించాలి. వాడు ఇప్పటి నుంచే చెబుతున్నాడు, అమ్మమ్మకి మొసలి చూపిస్తాడట. వీసా కాగితాలకి నాయన పాస్‌పోర్టులో ఇంటి పేరు, ఆధార్‌లో ఇంటి పేరు ఒకలా లేవు, తమ్ముణ్ణి ఈ వారమే చూడమను. విమానంలో మెడ కింద పెట్టుకునే దిండు నేను కొని ఉంచాను, మీరు కొనొద్దు. పచ్చళ్ళు ఒక్కటే పెట్టెలో సర్దకండి, పోయినసారి లాగా అవుతుంది. పల్లీ పట్టీ ఒక్క డబ్బా చాలు.

నీ బిడ్డ