ఖాళీ కడుపుతో పదకొండింటి దాకా ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల తిప్పల గురించి రాసినప్పుడల్లా ఓపీ చీటీల క్యూ ఫొటో వేస్తారు, కౌంటర్లు పెంచాలంటారు. రక్తపరీక్షల పనిలో ఉన్న మా లెక్క వేరు. చీటీకి నిమిషంన్నర పట్టిందనుకున్నా ఒక్క కౌంటరు గంటకు 40 మందిని లోపలికి పంపుతుంది. మనిషికి ఐదు నిమిషాలైనా కేటాయించే డాక్టరు గంటలో చూడగలిగేది 12 మందిని. కౌంటర్లు పెంచితే ఆ జనమంతా డాక్టరు గది ముందుకు చేరతారు, అంతే. పైగా చాలామంది ఒకే రోజు ఆ గది ముందు రెండుసార్లు నిలబడుతున్నారు. పరీక్ష రాయించుకోవడానికి ఒకసారి, రిపోర్టు చూపించుకోవడానికి మరోసారి. ముందు ఈ రెండుసార్ల నిలబాటు తప్పించాలి.

షుగరు రోగుల సంగతే చూడండి. పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. హొళగుంద, ఆలూరు పల్లెల నుంచి తొలి బస్సు పట్టుకుని కర్నూలు వచ్చినవాళ్లు చీటీ తీసుకుని, డాక్టరును కలిసి, పరీక్ష రాయించుకుని మా కిటికీ దగ్గరకొచ్చేసరికి పదకొండు దాటుతుంది. రాత్రి ఎనిమిదింటికి రొట్టె తిన్న మనిషికి అప్పటికి 15 గంటల ఉపవాసం. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు వాడేవాళ్లకు షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. కళ్లు తిరిగి టీ తాగేస్తే పరగడుపు పరీక్ష ఆ రోజుకు లేనట్టే. మళ్లీ ఇంకో రోజు, ఇంకో బస్సు.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు. డాక్టరు ఈసారి చూసినప్పుడే వచ్చేసారికి కావలసిన పరీక్షలు, తేదీ చీటీ మీద రాసివ్వాలి. ఆ రోజు రోగి ఓపీ క్యూతో పనిలేకుండా ఏడున్నరకల్లా నేరుగా రక్తం ఇచ్చేసి, టిఫిన్ చేసి, డాక్టరు కూర్చునే వేళకు రిపోర్టుతో వెళ్లాలి. థైరాయిడ్, కిడ్నీ, లివర్ రోగులకూ ఇదే పద్ధతి సరిపోతుంది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీకైతే పరగడుపుతో పనే లేదు. ఆ ఒక్క పరీక్షకు వచ్చినవాళ్లను పస్తుంచడం అన్యాయం.

అయితే ల్యాబ్ అప్పటికి సిద్ధంగా లేకపోతే ఇదంతా వృథా. కిడ్నీ, లివర్ పరీక్షల ఎర్రమూత ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి అరగంట, సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో వేగంగా తిప్పి సీరం విడదీయడానికి పది నిమిషాలు, పరీక్ష చేసే మిషన్ మీద మరో పావుగంట, ఇరవై నిమిషాలు. మొత్తం గంటంబావులో తేలే పని. మరి మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగుతోందంటే, ట్రే నిండేదాకా శాంపిళ్లు కలెక్షన్ గదిలోనే ఉంటున్నాయి కాబట్టి. ఎన్ని ఉంటే అన్నే అరగంటకోసారి ల్యాబ్‌కు చేరాలి. రోగుల శాంపిళ్లు పెట్టేముందు రోజూ మిషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చే కంట్రోల్ పరీక్ష నడపాలి. ఆ పని తొమ్మిదింటికి మొదలైతే మొదటి రిపోర్టుకే పది దాటుతుంది. ఒక టెక్నీషియన్ డ్యూటీని ఉదయం ఆరున్నరకు జరిపితే ఈ గంట కలిసొస్తుంది. షిఫ్టుకు ఒక్కరే ఉన్నచోట మాత్రం రక్తం తీయడానికి అదనంగా ఇంకొకరిని ఇవ్వక తప్పదు.

మళ్లీ రక్తం తీయాల్సి రావడం ఇంకో జాప్యం. రక్తకణాల లెక్కకు వాడే ఊదామూత ట్యూబును రక్తం తీసిన వెంటనే ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయకపోతే గడ్డలు కట్టి ప్లేట్‌లెట్ల లెక్క తప్పుతుంది. ఎర్రమూత ట్యూబును గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలి పొటాషియం లేనిది ఎక్కువగా చూపిస్తుంది. ట్యూబు మీద పేరొక్కటే రాసి పంపితే, ఒకే ట్రేలో ఇద్దరు లక్ష్మీదేవులుంటే రెండూ పారబోయాల్సిందే. ఓపీ నంబరుతో లేబుల్‌ను రోగి ఎదుటే అంటించాలి.

స్కానింగ్ దగ్గరా ఇదే గోస. పొట్ట స్కానింగ్‌కు ఆరు గంటలు తినకూడదు, గర్భసంచి స్కానింగ్‌కు మూత్రం నిండుగా ఉండాలి. ఈ మాట ముందుగా ఎవరూ చెప్పక ఎందరో వెనక్కి పోతున్నారు. చీటీ వెనుక తెలుగులో, ఆదోని వైపు వాళ్లకు కన్నడం, ఉర్దూలలో కూడా అచ్చువేయిస్తే చాలు.

బీపీ, షుగరు అదుపులో ఉండి అవే మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ బిళ్లల కోసం వచ్చేవాళ్లకు వాళ్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనే నెలకు సరిపడా ఇవ్వాలి. అక్కడ పది రోజులకే ఇస్తే వాళ్లు మళ్లీ పెద్దాసుపత్రి బాటే పడతారు. ఫోనుతో క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే ఏర్పాటు మంచిదే గానీ, అది చీటీ క్యూకే పనికొస్తుంది.

ముందుగా మెడిసిన్ ఓపీలో రివ్యూకు వచ్చేవాళ్లతో ఒక నెల నడిపి చూడమని అధికారులను కోరుతున్నాం. చీటీ ఇచ్చిన సమయం, రక్తం తీసిన సమయం, ల్యాబ్‌కు చేరిన సమయం, రిపోర్టు ఇచ్చిన సమయం, నాలుగూ ఒకే కాగితం మీద వేయించి, ఆ కాగితాలను ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో సభ్యుల ముందు పెట్టాలి.

— కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, కర్నూలు