అనుమతి ఒక బస్సుకు, పంపింది ఇంకో బస్సు

ట్రావెల్స్ మేనేజర్ గారికి,

విషయం: మా తొమ్మిదో తరగతి పిల్లల నాగార్జునసాగర్ టూర్‌కు తేదీ, బస్సు మార్చడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను అద్దంకి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. గత నెల మా పిల్లలు 44 మందిని మీ బస్సులో సాగర్ తీసుకెళ్లాను. తలకు 700 చొప్పున 30,800 రూపాయలు మీకు కట్టాం. బస్సు, మధ్యాహ్న భోజనం, నాగార్జునకొండ లాంచీ టికెట్లు అన్నీ అందులోనే అని మీ కొటేషన్‌లో రాసి ఉంది. జరిగినదాని గురించి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "చూద్దాం సార్" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

స్కూల్ టూర్ అంటే పెళ్లి ట్రిప్పులాంటిదే అని మీ ఆఫీసులో అనుకుంటున్నట్టున్నారు. పెళ్లికి ఏ బస్సు వచ్చినా ఎక్కేస్తారు. మాకు అలా కుదరదు. పేరెంట్స్ కమిటీ తీర్మానం, 44 మంది ఇళ్ల నుంచి సంతకాలు, వాటి మీద హెచ్‌ఎం గారి లెటర్, మీరిచ్చిన ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్, డ్రైవర్ లైసెన్స్ జిరాక్సులు, ఇవన్నీ కుట్టి మండల విద్యాధికారి (ఎంఈవో) గారి ద్వారా జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకు పంపితే మూడు వారాలకు అనుమతి ప్రొసీడింగ్స్ వచ్చాయి. వాటిలో బస్సు నంబరు ఉంది, గురువారం తేదీ ఉంది, చీకటి పడ్డాక ప్రయాణం చేయకూడదనీ ఉంది. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నది హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులను మింగేసింది. సంతకాల కోసం వెళ్తే ఒక తల్లి ఇప్పటికీ ఆ మాటే ఎత్తింది. "నేనున్నానమ్మా" అని చెప్పి పెట్టించుకొచ్చాను.

గురువారమే ఎందుకు పెట్టుకున్నామో బుకింగ్ రోజునే మీ ఆఫీసు కుర్రాడికి చెప్పాను. నాగార్జునకొండ దీవి మీది మ్యూజియం పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. అతను తలూపి డైరీలో రాసుకున్నాడు కూడా. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు మీ దగ్గర్నుంచి ఫోన్: "సార్, బస్సు పెళ్లికి వెళ్లి ఇరుక్కుపోయింది, శుక్రవారం పంపుతాం." మ్యూజియం ఉండదు కదండీ అంటే, "గ్రూప్ వస్తోందంటే తీస్తారు సార్, మా మేనేజర్ మాట్లాడతారు" అన్నారు. ఇక్కడ నా తప్పూ ఉంది, నమ్మాను. అప్పటికే పిల్లలు ఇళ్లల్లో పులిహోరకు చింతపండు నానబెట్టించేశారు. గురువారమంతా తిరిగి ఎంఈవో గారి చేత తేదీ మార్పుకు నోటిమాటగా ఒప్పించుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజాము నాలుగున్నరకు రావాల్సిన బస్సు ఆరూ నలభైకి వచ్చింది. నంబరు చూస్తే అది మా బస్సు కాదు. ముందు అద్దం మీద పెళ్లివారి కాగితం ఇంకా అంటుకునే ఉంది, చి.ల.సౌ. అని ఎర్ర అక్షరాలతో. సీట్ల సందుల్లో తలంబ్రాలు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే ఒక దువ్వెన, అరసీసా కొబ్బరినూనె, సగం వాడిన అగరుబత్తుల ప్యాకెట్. డ్రైవర్ కళ్లు చింతనిప్పులు. అడిగితే, పెళ్లివాళ్లను గుంటూరులో దింపేసరికి రెండున్నర అయిందనీ, అక్కడి నుంచి నేరుగా ఇటే వచ్చాననీ చెప్పాడు. పాపం, అతన్ని నేనేమీ అనను. అతన్ని పడుకోనివ్వకుండా పంపింది మీరు.

ఆ క్షణాన టూర్ ఆపేయాల్సింది. రెండు గంటల నుంచి చలిలో నిలబడ్డ 44 మందిని "ఇంటికి పొండి" అనడానికి నోరు రాలేదు. టీ తాగించి, అతన్ని ఒక గంట పడుకోబెట్టి బయల్దేరాం.

విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌లో మొదటి మాటే "ఇవాళ మ్యూజియం సెలవు కదా మాస్టారూ" అని. మీరు ఎవరితో మాట్లాడారో ఏమో, అక్కడ ఎవరికీ తెలియదు. సరే, కనీసం అవతలి ఒడ్డున బుద్ధవనం పార్కైనా చూపిద్దామనుకున్నాం. బ్రిడ్జి దాటగానే తెలంగాణ రవాణా అధికారులు ఆపారు. ఆ రాష్ట్రంలోకి వెళ్లడానికి కావాల్సిన పర్మిట్ ఈ బస్సుకు లేదు. మేం కాగితాలు పెట్టిన బస్సుకు తీసుకున్నారట, దీనికి లేదు. పిల్లల బండి కాబట్టి సీజ్ చేయకుండా వెనక్కి పంపుతున్నామన్నారు. వాళ్ల ముందు తల దించుకుని నిలబడింది నేనండీ, మీరు కాదు.

మిగిలింది అనుపు, ఎత్తిపోతల జలపాతం. డ్యామ్ నీళ్లలో మునిగిపోకముందే, 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వి, కొన్ని కట్టడాలను తెచ్చి అనుపులో మళ్లీ నిలబెట్టారు. అక్కడి రంగస్థలం మెట్ల మీద కూర్చుని పిల్లలు చప్పట్లు కొట్టి, ఆ మోత విని సంబరపడ్డారు. కానీ నేను చూపించాలనుకున్నది వేరు. ఇక్ష్వాకుల పాఠంలో మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, కట్టించింది రాజు కాదు, రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ అని చెప్పినప్పుడు మా ఆడపిల్లలు "నిజమా సార్" అన్నారు. రాతి మీదే చెక్కి ఉంది, కొండకు వెళ్లాక ఆ అక్షరాలు ఎలా ఉంటాయో చూద్దురు గాని అన్నాను. ఆ రోజు రేవులో నిలబడి నీళ్లకేసి చూపించి "అదిగో, అటు ఉంటుంది" అని చెప్పి తిరిగొచ్చాను.

భోజనం మూడున్నరకు వచ్చింది. దాని గురించి రాయను.

తిరుగు ప్రయాణంలో కారెంపూడి దాటాక బస్సు రోడ్డు అంచు దిగింది. డ్రైవర్‌కు కునుకు పట్టింది. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా నేను ఇంజన్ బానెట్ మీద కూర్చుని అతనితో వాళ్ల ఊరి సంగతులు, పొలం, పిల్లల చదువులు మాట్లాడిస్తూనే ఉన్నాను. చేరేసరికి రాత్రి పదిన్నర. ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే అనుమతి కాగితంలోని నంబరుకూ రోడ్డు మీది బస్సుకూ పొంతన లేదు. జవాబు చెప్పాల్సింది మా హెచ్‌ఎం గారు, నేను. ఇప్పటికే ఎంఈవో ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. లాంచీ టికెట్ల కింద తలకు 150 చొప్పున తీసుకున్న 6,600 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి. బస్సు అద్దె 17,600లో సగం, అంటే 8,800 వెనక్కి ఇవ్వాలి. మొత్తం 15,400. ఇది నాకు కాదు, హెచ్‌ఎం గారి పేర చెక్కు ఇస్తే పిల్లలకు పంచుతాం. డబ్బు కంటే ముందు, తేదీ, బస్సు మార్చింది మీరేనని మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. సంజాయిషీకి అది జతచేయాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, 2019 చట్టం ప్రకారం మా జిల్లాలోనే వేసుకోవచ్చు. బస్సు సంగతి రవాణా శాఖకు విడిగా రాస్తాను.

కొటేషన్, డబ్బు కట్టిన రసీదులు, ప్రొసీడింగ్స్ కాపీ, వచ్చిన బస్సు నంబరు ప్లేటు ఫొటో జతపరిచాను. అద్దం మీది పెళ్లి కాగితం కూడా ఆ ఫొటోలోనే పడింది.

ఇట్లు,
సోషల్ ఉపాధ్యాయుడు, టూర్ ఇన్‌చార్జి