పాత జూ పెంచే పనిలో మా వంతు, మీ ఆర్డర్లలో వచ్చే మార్పు

బల్లార్‌పూర్, రాజురా, గోండ్‌పిపరి, సిరొంచ, అవతల ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ దాకా మా దగ్గర జాలీ, గేట్లు, కడీలు తీసుకునే అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఒక పాత జూను పెంచి పక్కన ఓపెన్ రేంజ్ భాగం కడుతున్నారు. అందులో కంచె, బండ్ల గేట్లు, రాత్రి గదుల తలుపుల పని మాకు వచ్చింది. మనది చిన్న వర్క్‌షాప్. జాలీ అల్లే మిషన్ ఒక్కటే, వెల్డింగ్ సెట్లు రెండే. కాబట్టి పంటచేన్ల ఆర్డర్లు కొన్ని వెనక్కి జరుగుతాయి. ఎంత వెనక్కో చివర రాశాం. దానికంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది: ఇకమీదట ఫోన్‌లో "మీటరుకు ఇంత" అని ధర చెప్పం. ఎందుకు చెప్పమో అర్థం కావాలంటే ఈ పని ఎట్లా ఉంటుందో కొంచెం చదవాలి.

ఓపెన్ రేంజ్‌లో జంతువు విశాలమైన జాగాలో తిరుగుతుంది, మనిషి జాలీ వేసిన బండిలో కూర్చుని చూస్తాడు. మనకు దగ్గర్లో నాగపూర్‌లోని గోరెవాడా జూ అట్లాంటిదే. 2021 జనవరి 26న మొదలైంది. పులికి, చిరుతకు, ఎలుగుకు, గడ్డి తినే జంతువులకు వేర్వేరు భాగాలున్నాయి. పెద్ద ఎత్తున పెంచడం ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి వెర్రిబీ జూను చూడొచ్చు. అక్కడ 8.8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల విస్తరణలో ఏనుగులకు 21 హెక్టార్లు ఇచ్చారు. ఊరి నడుమ ఉన్న మెల్‌బోర్న్ జూ మొత్తం కలిపినా దాదాపు అంతే ఉంటుంది. గదులు, నీటి మడుగులు, కంచె అన్నీ పూర్తయ్యాకే, 2025 ఫిబ్రవరిలో, 9 ఏనుగులను అక్కడికి తరలించారు. గదులు ముందు, జంతువు తర్వాత. మేము నమ్మే వరస కూడా అదే.

ముందు జాగా ఆకారం గురించి. 20 హెక్టార్ల జాగా చతురస్రంగా ఉంటే చుట్టుకొలత సుమారు 1,790 మీటర్లు. అదే 20 హెక్టార్లు 200 మీటర్ల వెడల్పు, 1,000 మీటర్ల పొడవుతో సాగి ఉంటే 2,400 మీటర్లు. జంతువుకు దొరికే నేల ఒకటే, కంచె మాత్రం 600 మీటర్లు ఎక్కువ. పటం గీసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. గీత ఖరారయ్యాక మేము చేయగలిగేది ఏమీ ఉండదు.

ఈ పనిలో పులి వైపు జాలీ 5 మీటర్ల ఎత్తు, దాని మీద లోపలికి వంగిన చూరు ఇంకో మీటరున్నర. 3 మీటర్లకు ఒక కంబం. చతురస్రం లెక్కన చూస్తే దాదాపు 600 కంబాలు, 11,600 చదరపు మీటర్లకు పైగా జాలీ. 8 గేజు తీగతో (సుమారు 4 మిల్లీమీటర్ల మందం) 50 మిల్లీమీటర్ల కన్ను అల్లితే 50 టన్నుల దాకా వస్తుంది. మా మిషన్ మీద 5 మీటర్ల వెడల్పు రాదు, రెండున్నర మీటర్ల చుట్టలు రెండు అల్లి ఒకదాని కింద ఒకటి కలుపుతాం. ఆ అతుకే బలహీనమైన చోటు. కట్టు తీగతో అక్కడక్కడా కుట్టేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, బరువు పడితే చీలుతుంది. అందుకే అదే 8 గేజు తీగను మెలిక తిప్పుతూ ప్రతి కన్నులోంచి దూర్చి అల్లుతున్నాం. ఒక మనిషికి రోజంతా పట్టినా 20 మీటర్లు దాటదు. మా టైమ్ ఎక్కువ పోయేది ఇక్కడే.

ఇప్పుడు నేల. మన వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగులుతుంది. గుంత పైన వెడల్పు, కింద సన్నగా తవ్వి కాంక్రీటు పోస్తే, ఉబ్బిన మట్టి ఆ గరాటు ఆకారాన్ని పట్టుకుని పైకి నెడుతుంది. రెండు వానాకాలాల్లో కంబం బెత్తెడు లేచి ఒక పక్కకు ఒరుగుతుంది. గుంత 45 సెంటీమీటర్ల వెడల్పున నిట్టనిలువుగా మీటరున్నర దిగాలి, అడుగున కొంచెం గుండ్రంగా వెడల్పు చేయాలి, పైన నేలమట్టం దగ్గర కాంక్రీటు చుట్టూ రేగడి తీసేసి మొరం కొట్టాలి. ఒక్కో గుంతకు పావు ఘనపు మీటరుకు కొంచెం తక్కువ కాంక్రీటు పడుతుంది. 600 గుంతలకు ఎం20 అనే కాంక్రీటు మిశ్రమంలో దాదాపు 1,150 బస్తాల సిమెంటు. గుంత తవ్వి నాలుగు రోజులు వదిలేస్తే గోడలు ఎండి రాలతాయి, కాబట్టి తవ్విన రోజో మర్నాడో పోసెయ్యాలి.

ఎండ సంగతి చాలామందికి తట్టదు. చంద్రపూర్ చలికాలపు తెల్లవారుజామున ఇనుము 10 డిగ్రీలుంటే, మే నెల మధ్యాహ్నం ఎండలో 65 దాకా పోతుంది. 100 మీటర్ల తీగ ఆ తేడాకు ఆరున్నర సెంటీమీటర్లు సాగుతుంది. మేలో బిగుతుగా లాగి కడితే జనవరిలో మూల కంబాన్ని లోపలికి గుంజుతుంది. జనవరిలో కడితే మేలో వేలాడుతుంది. మేము ఫిబ్రవరిలో పొద్దున పది గంటల వేళ బిగిస్తాం, ప్రతి 50 మీటర్లకు ఒక టర్న్‌బకిల్ (తిప్పి తీగను బిగించే, వదులు చేసే మర) పెడతాం. చేన్ల కంచెకు కూడా ఇదే చేయించుకోండి, ఖర్చు పెద్దగా పెరగదు.

అన్నిటికంటే ఎక్కువ చెడిపోయేది ఒర్రె దాటే చోట. ఇందులో మా తప్పు కూడా చెప్పాలి. పోయిన వానల్లో మేము వేసిన రెండు చేన్ల కంచెలు ఒర్రె దగ్గరే పడుకున్నాయి. జాలీని ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు నేరుగా లాగాం. మొదటి వరదకు తుంగ, పత్తి కట్టె, ప్లాస్టిక్ సంచులు వచ్చి జాలీకి అంటుకున్నాయి. జాలీ గోడలా మారింది. దాని వెనక నీళ్లు నిలిచి అటు ఇటు మూడేసి కంబాలను కూడా పీకేశాయి. ఆ రెండు చోట్లా ఖర్చంతా మాదే, కొత్తగా కట్టి ఇస్తున్నాం. 2022 జులై వరదలు చూసినవాళ్లం, ఒర్రె కొలవకుండా కట్టి ఉండకూడదు.

సరైన పద్ధతి ఇది. దుప్పులు, జింకలు ఉండే చోట లేదా చేన్లలో ఒర్రె మీద అడ్డంగా ఒక మందపాటి పైపు వేసి, దాని నుంచి సలాకలు వేలాడదీస్తాం. ఒక్కో సలాక విడిగా ఊగుతుంది. నీళ్లొస్తే పైకి లేస్తుంది, చెత్త కిందినుంచి పోతుంది, వరద తగ్గితే మళ్లీ దిగుతుంది. సలాకల నడుమ 10 సెంటీమీటర్లకు మించి సందు ఉంటే కుక్క దూరుతుంది. కింద నేల కోసుకుపోకుండా రాయి పరచాలి. లేకపోతే సలాకల కింద గుంట పడి, మొత్తం శ్రమ ఆ గుంటలోంచి పోతుంది. పులి వైపు ఊగే సలాకలు పనికిరావు. అక్కడ కాంక్రీటు తూములో కదలని ఇనుప జల్లెడ, దానికి 10 మీటర్ల ఎగువన చెత్త ఆపే రెండో జల్లెడ. వానాకాలంలో ఆ రెండోదాన్ని ప్రతి పెద్ద వాన తర్వాత మనిషి శుభ్రం చేయాల్సిందే. వీలైతే పులి కంచెను ఒర్రె దాటించకపోవడమే మేలు. పటం మార్చగలిగిన దశలో మేము మొదట అడిగేది అదే.

కంచె లోపలి జంతువు కోసమే అనుకుంటారు. మన జిల్లాలో బయటి జంతువు కోసం కూడా. జింకల భాగంలోకి బయటి చిరుత ఎక్కి దూకుతుంది, ఊరకుక్కలు తవ్వి దూరుతాయి. కుక్కలు చంపేవి కొన్నే, తరిమిన తరుముడుకు బెదిరి కంచెకు గుద్దుకునో, వేడెక్కి గుండె ఆగో చచ్చేవి ఇంకా ఎక్కువ. కాబట్టి జింకల వైపు చూరు రెండు దిక్కులా, ఇంగ్లిష్ వై అక్షరంలా ఉండాలి. కింద 60 సెంటీమీటర్ల లోతు దిగిన పునాది గోడ ఉండాలి. కంచె మీదికి వంగిన టేకు కొమ్మ ఒక్కటున్నా చిరుతకు నిచ్చెన వేసినట్టే. రెండు పక్కలా 5 మీటర్ల పట్టీ ఎప్పుడూ చెక్కి ఉంచితే ఎండాకాలం మంటలకూ అడ్డం. జింకల జాలీకి ముళ్లతీగ వద్దే వద్దు. జాలీ అంచున తీగ కొసలను మెలి తిప్పి పొడుచుకొచ్చేట్టు వదలకుండా, వెనక్కి మడిచి మూయాలి. కృష్ణజింక పరుగులో జాలీని చూడదు. కొత్తగా వదిలిన మొదటి మూడు వారాలు జాలీ నిండా ఆకుకొమ్మలో, పచ్చ నెట్టో కట్టి, అది అలవాటయ్యాక కొంచెం కొంచెంగా తీయాలి.

బండ్ల గేట్లు ఒకదాని వెనక ఒకటి రెండు ఉండాలి. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. రెండింటి నడుమ చోటు బండి పొడవుకు 3 మీటర్లు ఎక్కువ ఉండాలి. ముందు చిన్న బస్సు కొని తర్వాత పెద్దది కొంటారు, అప్పుడు గేట్ల నడుమ పట్టదు. అందుకే 15 మీటర్లు పెట్టమని పట్టుబట్టాం. మోటారు పెట్టినా, ఒకే తాళంచెవి రెండు గేట్లకూ తిరిగే ఏర్పాటు విడిగా ఉండాలి. తాళంచెవి మొదటి గేటు మూసి తాళం వేస్తేనే బయటికి వస్తుంది. కరెంటు పోయిన రోజు కాపాడేది అదే. నేలమీది పట్టాలో జరిగే గేటు రేగడి బురదకు ఇరుక్కుంటుంది. పట్టాను నేలకు నాలుగు వేళ్లు పైకి, తలకిందులుగా పెట్టిన యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) మీద వేసి, రెండు పక్కలా నీటి కాలువ తీస్తున్నాం.

రాత్రి గదుల మీద మాకు ఎక్కువ పట్టింపు ఉంది. 2009 జూ నియమాల ప్రకారం పులికి, సింహానికి గది కనీస పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 1.80, ఎత్తు 3. తలుపు పక్కకు జరిగేది కావాలి, పైనుంచి దిగేది వద్దు. తీగ తెగితే నడుము మీద పడుతుంది. కాపరి తలుపు లాగే చోట నిలబడే ఆ తలుపు కనిపించాలి. కనిపించకపోతే తోక లోపలుందో బయటుందో తెలియదు. లాగే కడ్డీకి తెరిచినచోటా మూసినచోటా రెండు తాళాల రంధ్రాలు పెడుతున్నాం. వెల్డింగ్ చేసినచోట జింకు పూత కాలిపోతుంది, ఒక్క వానకే తుప్పు మొదలవుతుంది. బ్రష్‌తో గీకి జింకు ఎక్కువున్న రంగు రెండు పూతలు వేయాలి. గదిలోపల జంతువు నాకే చోట మాత్రం రంగు కాదు, మొత్తం తలుపునే కరిగిన వేడి జింకులో ముంచి తీయడానికి పంపుతున్నాం. జంతువు సాయంత్రం తిండికి గదిలోకి రావడం నేర్చుకున్నాకే పెద్ద జాగాలోకి వదలాలి. రాకపోతే శుభ్రం లేదు, డాక్టరు చూడటం లేదు.

ఖర్చు తగ్గించుకోవాలని లోపలి అడ్డకంచెలు తీసేయమని చాలా చోట్ల అడుగుతారు. గడ్డి తినే జంతువుల జాగాను మూడు ముక్కలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మేపకపోతే రెండేళ్లలో గడ్డి పోయి మట్టి మిగులుతుంది. ఆ అడ్డకంచెకు ట్రాక్టరు పట్టే 4 మీటర్ల గేట్లు ఇప్పుడే పెట్టించుకుంటే చౌక.

చేయని పనులు రెండున్నాయి. రిసార్టులో నాలుగు జింకలు పెట్టుకుంటాం, కంచె వేయండి అని అడిగేవాళ్లున్నారు. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 ప్రకారం కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా జూ పెట్టడం కుదరదు, జింకలను సొంతానికి పెంచడమూ కుదరదు. ఆ పనికి మా జాలీ దొరకదు. రెండోది, కంచెకు నేరుగా ఇంటి కరెంటు కలపడం. అడవిపంది కోసం కలిపిన తీగకు పులులు, చిరుతలు, మన రైతులే పోతున్నారు. దానికి బదులు కంచె తీగకు కలిపే సోలార్ యంత్రం సెకనుకు ఒక కరెంటు దెబ్బ ఇస్తుంది, దెబ్బ ఉండేది సెకనులో అతి చిన్న భాగం కాబట్టి జంతువు బెదిరి పోతుంది, చావదు. అది పనిచేయడం లేదంటే సగం సార్లు ఎర్తింగ్ తప్పు. మూడు రాడ్లు 3 మీటర్ల దూరంలో దింపి, ఎండాకాలం పగిలిన రేగడిలో రాడ్ల చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి పొడి) నింపి నీళ్లు పోయాలి. తీగకు గడ్డి తగిలితే మిగతా సగం. తీగ చివరి కొసన వోల్టులు కొలిచే మీటరు 5 కిలోవోల్టులకు తక్కువ చూపిస్తే మేము పని పూర్తయినట్టు లెక్కవేయం, మీరూ సంతకం పెట్టకండి.

ఇక తేదీలు. దసరా లోపు అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత తేదీలే. ఆ తర్వాత ఇచ్చిన చేన్ల ఆర్డర్లకు ఇంతకుముందు 20 రోజులు పట్టేది, ఇప్పుడు 45 రోజులు. సోలార్ యంత్రాలు, ఊగే సలాకలు, విడి గేట్లు ఆలస్యం కావు, వాటిని రెండో వెల్డింగ్ సెట్ మీద చేస్తున్నాం. మార్చి దాటాక గుంతల పని తీసుకోం, జూన్ మొదటి వానకు ట్రాక్టరు చేనులోకి దిగదు. తీగ ధర మారుతూ ఉంటుంది కాబట్టి రాసిచ్చిన ధర 15 రోజుల వరకే.

ధర కావాలంటే మూడు పంపండి: జాగా చుట్టూ నడిచి కొలిచిన పొడవు, ఒర్రె దాటే ప్రతి చోటా గట్టు నుంచి గట్టుకు వెడల్పు, లోతు, పోయిన వానల్లో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో చెట్టుకో రాయికో ఉన్న మరక ఫోటో. ఆ మరక లేకపోతే మేమే వచ్చి చూస్తాం, ఆ రాకకు డబ్బు తీసుకోం.