అవార్డు ఎందుకిచ్చారో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేషనల్ అవార్డులు వచ్చిన ప్రతిసారీ ఫ్యాన్స్ కొట్టుకు చస్తారు, వాళ్ళకి హీరో తప్ప సినిమా పట్టదు, జ్యూరీలో అంత పెద్దవాళ్ళు కూర్చుని ఇచ్చినదాన్ని తప్పు పట్టడానికి వీళ్ళెవరు అని మీ పేపర్లో పాఠకుల ఉత్తరాల్లో ఒకరు రాశారు. చదివాక చాలా బాధేసింది. నేను కూడా ఫ్యాన్‌నే. సినిమా టికెట్ కొనుక్కుని చూసేవాళ్ళం, చూసిన సినిమాని పదిసార్లు మాట్లాడుకునేవాళ్ళం, మాకు అభిప్రాయం ఉండకూడదు అంటే ఎలా? గొడవలు జరుగుతున్నాయి నిజమే, కానీ ఆ గొడవల్లో సగానికి పైగా ఒకే ప్రశ్న ఉంటుంది, ఎందుకిచ్చారు అని. దానికి సమాధానం ఎవరూ చెప్పరు కాబట్టి అది తిట్లలోకి దిగుతుంది.

2025 ఆగస్టు 1న 71వ జాతీయ అవార్డులు అనౌన్స్ చేశారు కదా, 2023 సినిమాలకి. ఉత్తమ తెలుగు చిత్రం భగవంత్ కేసరి అన్నారు. మా కరీంనగర్ వైపు చాలామంది బలగం వస్తుందని గట్టిగా నమ్మారు. బాలయ్య బాబు మీద కోపంతో కాదండి, మా వైపు ఆయనకి ఫ్యాన్స్ తక్కువేం లేరు. బలగం జనం మధ్య ఎలా ఆడిందో కళ్ళారా చూశాం కాబట్టి. థియేటర్ నుంచి వెళ్ళిపోయాక కూడా ఊళ్ళల్లో గ్రౌండ్‌లో తెర కట్టి వేశారు. మా ఊళ్ళో వేసిన రోజు ట్రాక్టర్ మీద కూర్చుని చూసినవాళ్ళు ఉన్నారు, చాపలు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. సినిమాలో తాత పోయాక పిండం పెడితే కాకి ముట్టదు, మూడో రోజు ముట్టదు, ఐదో రోజూ ముట్టదు, ఇంట్లో వాళ్ళందరి మొహాలు చూస్తుంటే మన ఇంట్లో జరిగినట్టే ఉంటది. చివర్లో మొగిలయ్య గారు కొమురమ్మ గారు పాట ఎత్తుకునేసరికి నా ముందు వరసలో ఆడవాళ్ళందరూ కొంగు కళ్ళకి అద్దుకుంటున్నారు, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఇద్దరు దూరం దూరంగా కూర్చున్నవాళ్ళు సినిమా అయ్యాక ఒక్కదగ్గర నిలబడి మాట్లాడుకోవడం ఊరంతా చూసింది. అలాంటి సినిమాకి కాకుండా ఇంకోదానికి ఇచ్చారంటే ఆ ఊరి జనం అడగరా మరి. మొగిలయ్య గారు 2024 డిసెంబర్లో పోయారు, అవార్డు లిస్టు చూడకుండానే.

అలా అని భగవంత్ కేసరికి అర్హత లేదు అని నేను అనట్లేదు. అనిల్ రావిపూడి గారు బాలకృష్ణ గారితో స్కూల్ పిల్లలకి గుడ్ టచ్ బ్యాడ్ టచ్ గురించి చెప్పించిన సీన్ ఉంది చూశారా, అంత పెద్ద మాస్ హీరో స్టేజ్ మీద నిలబడి ఆ మాట అంత సూటిగా చెప్పడం నేను ఇంతకుముందు చూడలేదు, పిల్లలతో కలిసి వచ్చిన తల్లులు ఆ సీన్ గురించి ఎంత మంచిగా చెప్పారో నాకు తెలుసు. బహుశా జ్యూరీ దానికే ఇచ్చిందేమో. ఆడపిల్లని ధైర్యంగా పెంచాలన్న పాయింట్ కోసం ఇచ్చిందేమో. అదే ఒక నాలుగు వాక్యాల్లో రాసి చెప్తే ఏం పోతుంది? చెప్పి ఉంటే బలగం అభిమానులు ఒప్పుకోకపోయినా కనీసం అర్థం చేసుకునేవాళ్ళు. అవార్డు ఇచ్చే రోజు వేసే పుస్తకంలో ఒక్కో అవార్డుకి ఒకటి రెండు లైన్లు రాసే ఆనవాయితీ ఉంది కానీ అది మామూలు పాఠకుడి చేతికి రాదు, పేపర్లలోనూ వెయ్యరు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అదే లిస్టులో బలగంకి అవార్డు వచ్చింది, ఊరు పల్లెటూరు పాటకి కాసర్ల శ్యామ్ గారికి ఉత్తమ గీత రచయిత. దీని గురించి మా వాళ్ళు కూడా తక్కువే మాట్లాడారు, అది మా తప్పు. నాకు తెలిసి తెలుగు పాటకి ఈ అవార్డు తెచ్చినవాళ్ళు ఎవరో చూడండి, అల్లూరి సీతారామరాజుకి శ్రీశ్రీ గారు, మాతృదేవోభవలో రాలిపోయే పువ్వా పాటకి వేటూరి గారు, ఠాగూర్‌కి సుద్దాల అశోక్ తేజ గారు, కొండపొలంకి చంద్రబోస్ గారు, ఇప్పుడు శ్యామ్ గారు. ఆ వరసలో మన పల్లె మాటలతో పాట రాసిన మనిషి నిలబడ్డాడంటే అది మొదటి పేజీ వార్త కాదా? ఆ రోజు నేను చూసిన పేపర్లలో షారుఖ్ ఖాన్ గారి ఫోటో ఇంత పెద్దగా ఉంది, శ్యామ్ గారి పేరు వెతుక్కుంటే లోపల పట్టికలో కనపడింది. ఫ్యాన్స్‌కి హీరోలే కావాలి అంటారు, పేపర్ తెరిస్తే హీరోలే కనపడితే వాళ్ళు మాత్రం ఇంకేం మాట్లాడుకుంటారు చెప్పండి.

చంద్రబోస్ గారి సంగతి కూడా అంతే. నాటు నాటుకి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది, అదే ఏడు ఆగస్టులో నేషనల్ అవార్డు కూడా వచ్చింది, కానీ నాటు నాటుకి కాదు, కొండపొలంలో ధం ధం ధం పాటకి. అప్పుడు చాలామంది, ప్రపంచమంతా మెచ్చిన పాటని వదిలేసి ఎవరూ చూడని సినిమాలో పాటకి ఇవ్వడం ఏంటి అన్నారు. నేను అప్పుడే కూర్చుని ఆ పాట మళ్ళీ విన్నాను. నల్లమల అడవిలో గొర్రెలు తోలుకుపోయే వాళ్ళ కథ అది, పాట మొత్తం అడవే మాట్లాడుతుంటది. నాటు నాటుకి బలం దాని దరువు, ఆ స్టెప్పు, కీరవాణి గారి ట్యూను, చంద్రబోస్ గారి మాట ఇవన్నీ కలిసి. కొండపొలం పాటలో మాటే ముందుండి నడిపిస్తుంది. సాహిత్యం అవార్డు కాబట్టి సాహిత్యం చూసి ఇచ్చారు, నా వరకు ఆ నిర్ణయం చాలా గొప్పది. కానీ ఇది నేను ఊహించుకున్న కారణం, జ్యూరీ చెప్పింది కాదు.

అదే ఏడు పుష్పకి అల్లు అర్జున్ గారికి ఉత్తమ నటుడు వచ్చింది, తెలుగు హీరోకి రావడం అదే మొదటిసారి. ఆ రోజు జరిగినంత గొడవ మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఆర్ఆర్ఆర్ కి ఆరు అవార్డులు వచ్చినా ఎన్టీఆర్‌కో చరణ్‌కో ఎందుకు రాలేదు అని ఒకళ్ళు, జై భీమ్‌కి ఒక్కటి కూడా ఇవ్వకపోవడం అన్యాయం అని ఇంకొకళ్ళు. నాని గారు కూడా జై భీమ్ కోసం బాధపడుతూ పోస్ట్ పెట్టారు. నాకు పుష్పలో బన్నీ గారి నటన చాలా ఇష్టం, ఆ భుజం ఎత్తి నడిచే నడక, చిత్తూరు యాస సినిమా మొత్తం ఒక్కచోట కూడా జారలేదు, ఇవ్వాల్సిందే అంటాను. జై భీమ్ గురించి అడిగినవాళ్ళు అడిగిందీ న్యాయమే, ఆ సినిమా చూసి రాత్రి నిద్రపట్టనివాళ్ళు ఎంతమందో. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. పెద్దాయన రామారావు గారికి, ఎస్వీఆర్ గారికి, సావిత్రి గారికి ఈ జాతీయ నటుల అవార్డు రానే లేదు. వాళ్ళ గొప్ప సినిమాలు చాలా వచ్చేనాటికి అసలు ఆ విభాగమే లేదు, 1967 సినిమాల నుంచే అది మొదలైంది. ఎస్వీఆర్ గారికి నర్తనశాలకి జకార్తాలో ఉత్తమ నటుడు ఇచ్చారు, మన దేశంలో ఇవ్వడానికి అవార్డు లేదు. సావిత్రి గారికి రాని అవార్డు ఆవిడ పాత్ర వేసినందుకు మహానటికి కీర్తి సురేష్ గారికి వచ్చింది. ఇన్నేళ్ళ ఆకలి ఉంది కాబట్టి ఒక్క పేరు చదవగానే అంత అరుపులు, అంత గొడవ.

కొన్ని గొడవలు మాత్రం ఊరికే తెలియక వచ్చేవి, పేపర్ వాళ్ళు తలుచుకుంటే ఒక్క బాక్స్ ఐటంతో ఆపెయ్యొచ్చు. హనుమాన్ 2024 సంక్రాంతికి వచ్చింది కదా, 2023 అవార్డు ఎలా ఇస్తారు, ఏదో లోపాయికారీ జరిగింది అని ఎంతమంది రాశారో. ఆర్ఆర్ఆర్ 2022 మార్చిలో వచ్చింది, 2021 లిస్టులో ఉంది. శతమానం భవతి 2017 సంక్రాంతి సినిమా, 2016 లిస్టులో ఉంది. లెక్క ఏంటంటే రిలీజ్ డేట్ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాదిలో వచ్చిందో అదే చూస్తారు. ఇంకోటి, నిర్మాత అప్లై చేసుకుంటేనే సినిమా పోటీలో ఉంటుంది, ముందు ప్రాంతీయ ప్యానెల్ చూసి పంపినవే ఢిల్లీలో సెంట్రల్ జ్యూరీ ముందుకి వెళ్తాయి. మనం ఫలానా సినిమాకి అన్యాయం జరిగింది అని మొత్తుకుంటాం, అసలు అది పంపారో లేదో మనకి తెలీదు. ఏ తెలుగు సినిమాలు పోటీకి వెళ్ళాయో ఆ లిస్టు బయట పెట్టమని మీలాంటి పేపర్ గట్టిగా అడగాలి.

నా ఉద్దేశంలో ఈ గొడవ ఇంతలా పెరగడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నంది అవార్డులు ఆగిపోవడం. 1964లో డాక్టర్ చక్రవర్తికి బంగారు నంది ఇచ్చిన దగ్గర్నుంచి మన సినిమాకి మన ఇంట్లోనే పండగ ఉండేది. మొదటి ఉత్తమ చిత్రం, రెండోది, మూడోది, విలన్‌కి, కమెడియన్‌కి, డబ్బింగ్ ఆర్టిస్ట్‌కి, మేకప్‌కి, అందరికీ. ఒక సినిమాకి ఒకటి రాకపోతే ఇంకోటి వచ్చేది. 2017 నవంబర్లో మూడేళ్ళవి ఒకేసారి అనౌన్స్ చేసినప్పుడు ఎంత రచ్చ అయ్యిందో అందరికీ గుర్తే, రుద్రమదేవిని పట్టించుకోలేదని గుణశేఖర్ గారు బహిరంగంగానే అడిగారు, అప్పుడూ ఎవరూ కారణం చెప్పలేదు, ఆ తర్వాత నందులే లేవు. దాంతో మొత్తం తెలుగు సినిమాకి ఢిల్లీలో ఉన్న ఆ ఒక్క ఉత్తమ తెలుగు చిత్రం కుర్చీ మీదే అందరి కళ్ళూ పడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్ 14న హైటెక్స్‌లో గద్దర్ అవార్డులు ఇచ్చినప్పుడు మాకు నిజంగా సంతోషం వేసింది, 2015కి రుద్రమదేవికి, 2023కి బలగంకి ఉత్తమ చిత్రం వచ్చింది. అయితే 2014 నుంచి 2023 వరకు సినిమాలకే ఇచ్చారు, నటులకి టెక్నీషియన్లకి విడిగా ఇవ్వలేదు. ఆ పదేళ్ళు పని చేసినవాళ్ళ సంగతేంటి? కెమెరా పట్టుకున్నవాళ్ళు, ఆర్ట్ డైరెక్టర్లు, చిన్న పాత్రలో ప్రాణం పెట్టినవాళ్ళు? దీని గురించి కూడా రాయండి.

బేబీ సినిమా గురించి ఒక మాట. దానికి ఆ 71వ జాతీయ అవార్డుల్లోనే స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చినప్పుడు మా ఆడపిల్లలు చాలామంది హర్ట్ అయ్యారు, ఆ సినిమాలో అమ్మాయిని చూపించిన తీరు నాకూ నచ్చలేదు. అదే సినిమాలో ప్రేమిస్తున్నా పాటకి రోహిత్ గారికి సింగర్ అవార్డు వస్తే మాత్రం ఎంత హ్యాపీ అయ్యానో. స్క్రీన్‌ప్లేలో జ్యూరీకి ఏం నచ్చింది, ఏ మలుపు నచ్చింది అని చెప్పి ఉంటే మేం దానితో వాదించేవాళ్ళం, ఇప్పుడు గాల్లో వాదించుకుంటున్నాం.

ఫ్యాన్స్‌లో కులం పేరు తీసి మాట్లాడేవాళ్ళు, జ్యూరీ మెంబర్ల ఇంట్లోవాళ్ళని తిట్టేవాళ్ళు, గెలిచిన మనిషిని పట్టుకుని అవార్డు కొన్నాడు అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని నేను వెనకేసుకురాను, అది అభిమానం కాదు. ఎదుటి సినిమా చూడకుండా మాట్లాడేవాళ్ళతో నేను కూడా రోజూ పోట్లాడుతూనే ఉంటాను. కానీ వాళ్ళని చూపించి మిగతావాళ్ళందరి నోరు మూయించకండి.

నేను అడిగేది ఇదే సార్. ఢిల్లీ జ్యూరీ అయినా గద్దర్ జ్యూరీ అయినా ప్రతి అవార్డుకి ఒక పేరా కారణం రాసి అదే రోజు ఇవ్వాలి, తెలుగులో ఇవ్వాలి. మీరు వచ్చేసారి లిస్టు వచ్చినప్పుడు ఫైట్ మాస్టర్లది, పాట రాసినవాళ్ళది, పాడినవాళ్ళది కూడా ఫోటో వేసి వాళ్ళతో మాట్లాడి ఒక పేజీ ఇవ్వండి. హనుమాన్ ఫైట్లకి అవార్డు తెచ్చిన నందు, పృథ్వీ గార్ల ఇంటర్వ్యూ మీ పేపర్లో ఇప్పటికైనా వేస్తే నేను కట్ చేసి దాచుకుంటాను, పక్కనే మా అభిమానుల ఉత్తరాలకి కూడా కాస్త చోటివ్వండి.

ఇట్లు,
ఒక సినిమా అభిమాని,
కరీంనగర్ జిల్లా