విషయం: కామిక్‌కాన్ వారం గదుల రద్దు, ఆ తర్వాత మీరు మమ్మల్ని తిప్పిన తిప్పలు

కస్టమర్ సేవల అధిపతి గారికి,

2025 జూలై 23 నుంచి 28 దాకా శాన్ డియేగోలో మా ఐదుగురికి మీ బుకింగ్ సంస్థ ద్వారా తీసుకున్న రెండు గదులు, ఏటా అక్కడ జరిగే కామిక్స్, సినిమా అభిమానుల సంబరం కామిక్‌కాన్‌కు 9 రోజుల ముందు రద్దయ్యాయి. హోటళ్ళలో ఇలాంటివి జరుగుతాయని మాకు తెలుసు. మేం ఈ ఉత్తరం రాస్తున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి.

జూలై 14న మొదటి ఫోన్. 47 నిమిషాలు వేచి ఉన్నాక ఒకాయన బుకింగ్ నంబరు అడిగి, "హోటల్ ఓవర్‌బుక్ అయింది, వాళ్ళనే అడగండి" అన్నారు. వాళ్ళను అడిగితే మా పేర్ల మీద బుకింగే రాలేదన్నారు. ఆ సంగతి చెబుదామని మళ్ళీ మీకే చేస్తే, ఇంకొకావిడ అదే నంబరు, అదే రసీదు మొదట్నుంచీ అడిగారు. ఆమె కలిపిన విభాగం "ఇది మా పరిధి కాదు" అని తిరిగి మొదటి నంబరుకే పంపింది. రసీదు మూడుసార్లు పంపాం. చాట్‌లో మేం ఇంకా టైప్ చేస్తుండగానే మూసేశారు. 48 గంటలకు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెయిల్ వచ్చింది. జవాబు రాస్తే ఆ చిరునామాకు మెయిళ్ళు చేరవట. సూపర్‌వైజర్ గంటలో ఫోన్ చేస్తారని నలుగురు చెప్పారు. ఒక్కరూ చేయలేదు.

ఆఖరికి మీవాళ్ళు శాన్ డియేగోకు 30 మైళ్ళ అవతల ఎస్కాండీడో ఊళ్ళో గది చూపించి, "దగ్గరే కదండీ, ఆ వారంలో ఏమైనా ప్రత్యేకమా?" అన్నారు. ఆ వారానికి గదులు అమ్మినవాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

లక్షమందికి పైగా వచ్చే వారం అది. పెద్ద సినిమా కార్యక్రమాలు జరిగే హాల్ హెచ్‌లో సీట్లు సుమారు 6,500. అందులోకి వెళ్ళడానికి చేతికి కట్టే మర్నాటి రిస్ట్‌బ్యాండ్లు ముందురోజు సాయంత్రమే ఇస్తారు, ఆపైన రాత్రంతా లైన్లో వంతులవారీగా కూర్చోవాలి. నడిచి వెళ్ళేంత దూరంలో గది ఉంటేనే ఒకరు పడుకుంటే ఇంకొకరు కూర్చోగలరు. ఉచిత షటిల్ బస్సులు కామిక్‌కాన్ జాబితాలో ఉన్న హోటళ్ళకే తిరుగుతాయి. గ్రీన్ లైన్ ట్రాలీ రైలు కార్యక్రమం జరిగే కన్వెన్షన్ సెంటర్ ఎదురుగానే ఆగుతుంది కానీ ఎస్కాండీడో వైపు పోదు. పాత్రల వేషాలు కట్టే కాస్‌ప్లే సంగతి ఇంకా కష్టం. ఈవీఏ ఫోమ్ అనే మెత్తటి షీట్లతో చేసిన కవచాలను హాట్ గ్లూతో, అంటే వేడిచేసి కరిగించే జిగురుతో అతికిస్తే, జూలై ఎండలో మూసిన కారు డిక్కీలో జిగురు మెత్తబడి భుజాల ముక్కలు ఊడిపోతాయి. అందుకే గదిలోనే తొడుక్కుని నడిచి వెళ్తారు, మధ్యాహ్నం వచ్చి ఊడినవి అతికించుకుంటారు. లోపలికి వెళ్ళే బ్యాడ్జీలేమో ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే, మరొకరికి ఇవ్వడానికి లేదు. ఇదంతా మీ ఏజెంట్లకు ఓపిగ్గా చెప్పాం, ప్రతి కొత్త గొంతుకీ మళ్ళీ మొదట్నుంచీ. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

చివరికి మేమే శాన్ డియేగోలోని మిషన్ వ్యాలీలో ట్రాలీ స్టేషన్ పక్కన గదులు వెతుక్కున్నాం. అవి ఆఖరి నిమిషం ధరలు కాబట్టి మీ బుకింగ్ కన్నా 1,180 డాలర్లు ఎక్కువైంది. అది మీరే ఇవ్వాలి. కానీ అంతకన్నా ముందు, 2022 నుంచి ఏటా మీ దగ్గరే గదులు తీసుకుంటున్న మాకు, మా ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఆగిపోయిందో చెప్పే మనిషి కావాలి. కార్యక్రమం ముగిసి ఇన్ని రోజులైనా ఒక్క క్షమాపణ రాలేదు. మా డబ్బుకన్నా మాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఉత్తరం అందిన 10 రోజుల్లో పేరూ నేరుగా మోగే నంబరూ ఉన్న ఒక బాధ్యుడు మాతో మాట్లాడాలి. లేకపోతే 11వ రోజున బ్యాంకులో కార్డు చెల్లింపు మీద అభ్యంతరం వేస్తాం, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. వచ్చే ఏడాది గదుల కోసం మమ్మల్ని సలహా అడిగే ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం నకలు ఇస్తాం.

ఇట్లు,
మీ ఐదుగురు పాత కస్టమర్లు

జత: రసీదు, నాలుగోసారి