యూనిఫాం చెకింగ్ బట్ట తాను దగ్గరే మొదలుపెట్టండి
(తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ)

అయ్యా, నమస్కారం.

సర్కారు బడి పిల్లల యూనిఫాంల విషయంలో ఒక్కటే అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. బట్ట మా కుట్టు కేంద్రాలకు రాకముందే దాన్ని పరీక్ష చేయించండి, ఆ రిపోర్టు కాపీని తాన్లతో పాటే మాకు పంపించండి. కుట్టిన జతలను బడిలో లెక్కపెట్టుకుని సంతకం పెట్టడాన్ని క్వాలిటీ చెకింగ్ అనలేం. అది లెక్క మాత్రమే.

నేను కొన్నేళ్లు ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ కంపెనీలో చెకర్‌గా చేశాను. ఇప్పుడు మా ఊరి మహిళా సంఘం తరఫున యూనిఫాంలు కుడుతున్నాను. అక్కడా పిల్లల బట్టలే, ఇక్కడా పిల్లల బట్టలే. అక్కడ మాత్రం బట్ట తాను లోపలికి వచ్చిన రోజే దాన్ని లైటు కింద నడిపించి చూసేవాళ్లం. పోగు తెగినా, మరక ఉన్నా, ముడి కనిపించినా పాయింట్లు వేస్తారు. మూడంగుళాల లోపు లోపానికి 1, తొమ్మిది దాటితే 4. వంద చదరపు గజాలకు 40 పాయింట్లు దాటిన తానును చాలా కంపెనీలు కటింగ్ టేబుల్ ఎక్కనివ్వవు. తర్వాత ముక్క కత్తిరించి ఉతికి, ఎంత ముడుచుకుందో, రంగు ఎంత వదిలిందో చూస్తారు. కటింగ్ ఆ తర్వాతే. కుట్టేటప్పుడు లైన్‌లో ఒకరు, కుట్టు అయ్యాక ఒకరు చూస్తారు. చివరికి వెయ్యి చొక్కాల లాట్ అయితే అందులోంచి 80 తీసి చూస్తారు. పెద్ద లోపాలు ఐదింటి వరకు సరే, ఆరోది దొరికితే మొత్తం లాట్ వెనక్కి.

సూది సంగతి వేరే చెప్పాలి. మిషన్ మీద సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, రిజిస్టర్‌లో టేపుతో అంటించి చూపిస్తే తప్ప కొత్త సూది ఇవ్వరు. ఒక్క ముక్క దొరక్కపోయినా దగ్గర్లో ఉన్న బట్టలన్నీ మెటల్ డిటెక్టర్ కిందికి వెళ్లాల్సిందే. గుండీని సుమారు తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత బలంతో పది సెకన్లు లాగి చూస్తారు, చిన్న పిల్లలు ఊడిన గుండీని నోట్లో పెట్టుకుంటారని. మన అంగన్‌వాడీ దాటి ఒకటో తరగతిలో చేరిన పిల్లలూ అదే పని చేస్తారు కదా! వాళ్ల చొక్కా గుండీని ఎవరు లాగి చూస్తున్నారు?

మా దగ్గరికి వచ్చే తాన్ల మీద లాట్ నంబరు, అంటే ఏ విడత అద్దకమో చెప్పే నంబరు, ఉండదు. రెండు తాన్లు పక్కపక్కన పరిస్తే ఒకటి కొంచెం ముదురు, ఒకటి కొంచెం లేత. అది తెలియక కలిపి కత్తిరిస్తే ఒంటిది ఒక షేడ్, చేతులది ఒక షేడ్ అవుతుంది. బడికి వెళ్లాక అందరికీ కనిపించేది కుట్టిన మనిషే. "మీ సంఘం వాళ్లు సరిగ్గా కుట్టలేదు" అనేస్తారు. అద్దకంలో వచ్చిన తేడాను టైలర్ ఏ దారంతో సరిచేయగలదు?

ముడుచుకోవడం అంతకంటే పెద్ద తలనొప్పి. 36 అంగుళాల ప్యాంటు నూటికి మూడు పాళ్లు ముడుచుకుంటే అంగుళం పైనే పోతుంది. పిల్లవాడు ఆ ఏడాది రెండంగుళాలు పెరుగుతాడు కూడా. దసరా సెలవుల నాటికి ప్యాంటు చీలమండ పైకి వస్తుంది. బట్ట ఎంత ముడుచుకుంటుందో మాకు ముందే చెబితే అంత వదిలి కత్తిరిస్తాం, కింద మడత కాస్త ఎక్కువ పెడతాం. చెప్పకపోతే టేపు చూపించిన కొలతకే కత్తిరిస్తాం. ఇంకేం చేయగలం?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఒకే గిన్నె అయితే నిజమే. ఇక్కడ ఒక్కో తానూ ఒక్కో గిన్నె. హెడ్మాస్టర్ గారు పైన ఉన్న ఒక జత విప్పి చూసి బాగుందంటే కింద ఉన్న మూటల సంగతి ఎవరికీ తెలియదు.

మా వైపు పని అంతా బంగారమని చెప్పను. అంగుళానికి పది కుట్లు పడాల్సిన చోట తొందరలో ఆరు పడుతున్నాయి. కాజాలు విప్పుకుపోతున్నాయి. దీనికి కారణం కూలి లెక్కలోనే ఉంది. జతకు 75 రూపాయలు చేశారు, సంతోషం. కానీ అది కుట్టిన జతకు. చూసినందుకు, విప్పి మళ్లీ కుట్టినందుకు అందులో పైసా లేదు. చెకింగ్‌కు కూర్చున్న ఆడమనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి ప్రతి కుట్టు కేంద్రానికి ఒక చెకర్‌ను పెట్టి రోజు కూలి విడిగా ఇవ్వండి. ఆమె కుట్టకూడదు, చూడాలి. కుట్టేవాళ్ల డబ్బులోంచి కోసి ఇస్తే మాత్రం మొదటికే మోసం.

పెద్ద ఖర్చు అంటారేమో. బట్ట బరువు చూడటానికి గుండ్రంగా కోసే కట్టర్, చిన్న తూకం చాలు. వంద చదరపు సెంటీమీటర్ల ముక్క 1.4 గ్రాములు తూగితే ఆ బట్ట 140 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 140 గ్రాములు. టెండర్‌లో రాసిన బరువుకు తగ్గిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. ముడుచుకోవడం చూడటానికి గుర్తు పెట్టిన అర మీటరు ముక్క, బకెట్ నీళ్లు చాలు. రంగు, గట్టిదనం లాంటి పరీక్షలకు ల్యాబ్ కావాలి. 1963 చట్టంతో ఏర్పడిన కేంద్ర టెక్స్‌టైల్స్ కమిటీకి అది రోజువారీ పనే.

బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. బట్ట మార్చిలో మా చేతికొస్తే తడిపి చూసి, షేడ్లు విడదీసి, నెమ్మదిగా కుట్టే వీలుంటుంది. మే నెలాఖరులో వస్తే ఎంత మంచి చెకర్ ఉన్నా చేసేదేమీ ఉండదు, మూటలు కట్టి పంపడమే. అందుకే ఈసారి టెండర్ కాగితంలోనే మూడు మాటలు రాయించండి: తాను మీద లాట్ నంబరు, తానుతో పాటు పరీక్ష రిపోర్టు, రిపోర్టు లేని తానును వెనక్కి పంపే హక్కు కుట్టు కేంద్రానికి. ఆ రిపోర్టులో ఏమేం ఉండాలో నమూనా కావాలంటే ఒక పేజీలో మేమే రాసి పంపుతాం.

ఇట్లు,
యూనిఫాంలు కుట్టే ఒక మహిళా సంఘం సభ్యురాలు