ఫోర్ట్ క్లాట్‌సప్‌లో డబ్బాలు దాచొద్దు

సంపాదకుడు గారికి,

అమెరికాలోని ఒరెగాన్‌లో ఉంటున్న మీ పాఠకుణ్ణి. ఇక్కడ మా పరిచయస్తుల్లో కొన్ని తెలుగు కుటుంబాలకు లెటర్‌బాక్సింగ్ సరదా బాగా పట్టుకుంది. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రబ్బరు స్టాంపు, నోటు పుస్తకం పెట్టి అడవి దారిలో ఎక్కడో దాస్తారు. ఆనవాళ్లు రాసి అందరికీ ఇస్తారు. వెతికి పట్టుకున్నవాళ్లు ఆ స్టాంపు తమ పుస్తకంలో ముద్రించుకుని, తమ స్టాంపు డబ్బాలోని పుస్తకంలో వేసి, ఎక్కడిది అక్కడే పెట్టి వస్తారు. ఫోన్ వదలని పిల్లలు వానలో కూడా మైళ్లకు మైళ్లు నడుస్తున్నారంటే దీని పుణ్యమే. ఈ సరదా అంటే నాకూ ఇష్టమే.

ఆస్టోరియా దగ్గరున్న ఫోర్ట్ క్లాట్‌సప్‌లో ఒక డబ్బా దాద్దామని ఇప్పుడు మావాళ్లలో మాట నడుస్తోంది. అది మాత్రం వద్దు.

అమెరికా ప్రభుత్వం పంపగా పసిఫిక్ తీరం దాకా దారి వెతుక్కుంటూ వచ్చిన అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల బృందం 1805 డిసెంబరు నుంచి 1806 మార్చి 23 వరకు తలదాచుకున్న చోటది. ఆ 106 రోజుల్లో వాన పడని రోజులు 12 మాత్రమే. ఆ బృందంతో వచ్చిన షోషోనీ తెగ మహిళ సకాగవియా చంకలో పసిబిడ్డతో ఆ చలికాలం గడిపింది ఇక్కడే. వెళ్లిపోతూ ఆ కోటను క్లాట్‌సప్ తెగ నాయకుడు కొబోవేకి ఇచ్చి వెళ్లారు. అసలు కోట ఎప్పుడో చివికి మట్టిలో కలిసిపోయింది. ఇప్పుడు మనం చూసేది నమూనా. 1955లో కట్టినది 2005లో కాలిపోతే మళ్లీ కట్టారు. అసలు కోట సరిగ్గా ఎక్కడుండేదో తవ్వకాల్లో ఇంతవరకు తేలలేదు. కాబట్టి అక్కడ ఏ చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి మట్టి తీసినా, ఏం చెరిపేస్తున్నామో మనకు తెలియదు.

'అరచెయ్యంత గుంటే కదా' అనేవాళ్లు మోంటానాలోని ట్రావెలర్స్ రెస్ట్ సంగతి తెలుసుకోవాలి. ఇదే బృందం అక్కడ మకాం వేసిన స్థలాన్ని 2002లో నిర్ధారించారు. పట్టిచ్చిన ఆధారాల్లో ముఖ్యమైనది మరుగుదొడ్డి గుంట మట్టిలో దొరికిన పాదరసం జాడ. అప్పట్లో వాళ్లు మింగిన భేది మాత్రల్లో పాదరసం ఉండేది. కంటికి కనిపించని ఆ జాడ దాదాపు 200 ఏళ్లు నిలిచిందంటే, మట్టి పొరలు పెద్దగా చెదరకపోవడం వల్లే.

ఈమధ్య మా ఊరి దగ్గరి ట్రెయిల్ పక్కన ఒక డబ్బా దాచిన చోటు చూశాను. ఫెర్న్ మొక్క వేళ్లు బయటపడ్డాయి, దుంగ మీది నాచు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది, చుట్టూ గడ్డి లేకుండా కాలిబాట పడిపోయింది. దాచినవాళ్లు ఒక్కసారే వస్తారు. వెతికేవాళ్లు వస్తూనే ఉంటారు, దొరక్కపోతే పక్కనంతా కెలుకుతారు.

ఈ ఆట పుట్టిన ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో కూడా పురాతన రాళ్ల వరుసల్లో, శిథిలాల్లో డబ్బా పెట్టకూడదన్న నియమం ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడ్ క్రాన్‌మియర్ పూల్ దగ్గర సందర్శకుల కార్డుల కోసం సీసా పెట్టడంతో మొదలైన ఆట ఇది. అంత పాత అలవాటున్న వాళ్లే ఆ హద్దు పెట్టుకున్నారు. ఇక ఫోర్ట్ క్లాట్‌సప్ ఉన్నది జాతీయ పార్కులోనే. అమెరికా జాతీయ పార్కుల్లో నేల తవ్వడం, అనుమతి లేకుండా వస్తువులు వదిలిపెట్టి రావడం చట్టప్రకారం కూడా తప్పే.

అయితే పిల్లల సరదా ఎందుకు చంపాలి? కోట దగ్గర్నుంచి సన్‌సెట్ బీచ్ దాకా ఆరు మైళ్ల పైచిలుకు ఫోర్ట్ టు సీ ట్రెయిల్ ఉంది. ఆ దారిలో పార్కువాళ్లే చోటు చూపించి, నేల తవ్వకుండా స్తంభానికి బిగించిన డబ్బా ఒకటి పెట్టిస్తే బాగుంటుంది. ఆనవాళ్లలో క్లాట్‌సప్ ప్రజల సంగతులు కూడా ఉండాలి, ఆ నేల ముందు వాళ్లది. ఇక్కడి తెలుగు సంఘాలు పార్కు సూపరింటెండెంట్‌కు ఈ మేరకు వినతి రాయాలని కోరుతున్నాను. జవాబు వచ్చేదాకా విజిటర్ సెంటర్‌లో పార్కు చూసిన గుర్తుగా జాతీయ పార్కుల పాస్‌పోర్ట్ స్టాంపు ఎలాగూ వేస్తారు, పిల్లల పుస్తకాల్లో అది వేయించండి.

— ఒక పాఠకుడు, హిల్స్‌బరో, ఒరెగాన్